పిల్ల తల మీద ఒట్టు

అమెరికాలో తాగుబోతుకి దారి చూపించాలంటే లైసెన్సు కావాలి. తాగడానికి అక్కర్లేదు. ఆ రెండో పని నేను ఇరవై మూడేళ్లు ఏ కాగితమూ లేకుండా చేశాను. మొదటి పనికి మాత్రం, అదీ డెబ్భై దగ్గర పడ్డాక, ఈ రాష్ట్రం వాళ్లు నా చేత చేయించని సర్కసు లేదు.

పేర్లు రాయను. క్లయింటు పేరు బయట పెట్టకూడదన్నది ఆ పరీక్షలో నేను మొదటిసారే సరిగ్గా రాసిన కొద్ది జవాబుల్లో ఒకటి. మనుషుల ఆనవాళ్లు కూడా కొన్ని మార్చాను. నావి మార్చలేదు. మార్చినా బాగుపడేవి కావు.

నేను తొమ్మిదో తరగతి దాటలేదు. ఇరవై ఎనిమిదో ఏట అక్క కాగితాల మీద ఈ దేశం వచ్చి, గ్యాస్ స్టేషన్లలోనూ గిడ్డంగుల్లోనూ పనిచేశాను. తాగుడు మానిన తర్వాత చేతుల్లో ఖాళీ సాయంత్రాలు మిగిలితే వాటిని పబ్లిక్ లైబ్రరీలో పోశాను. డిక్షనరీ పక్కన పెట్టుకుని మెదడు గురించి, మత్తు గురించి, కాలేయం గురించి వాళ్ల అరల్లో ఉన్నవన్నీ చదివాను. కానీ లైసెన్సు బోర్డు వాళ్లడిగిన మొదటి ప్రశ్న, "హైస్కూలు పాసయ్యావా?" అని. లేదు కాబట్టి పాసైనట్టు సర్టిఫికెట్టు ఇచ్చే పరీక్ష రాయాల్సి వచ్చింది. పరీక్ష హాలు గుమ్మం దగ్గర ఒకమ్మాయి నన్ను ఆపి, మనవణ్ణి దింపడానికి వచ్చారా, అయితే బయట కూర్చోండి అంది. చూయింగ్ గమ్ నమిలే పిల్లల మధ్య కూర్చుని ఆల్జీబ్రా చేశాను. ఆ ఎక్స్ విలువ తెలిసినందువల్ల ఈ రోజు వరకు ఒక్క తాగుబోతైనా బాగుపడినట్టు నేను చూడలేదు.

తర్వాత క్లాసులు, వందల గంటలు, కంప్యూటర్ ముందు. ఒక బొమ్మ మనిషి ఏడుస్తూ ఉంటాడు, ఇంకో బొమ్మ మనిషి అతని భుజం మీద చెయ్యి వేస్తాడు, కింద "నెక్స్ట్" అని ఉంటుంది, నొక్కాలి. లైబ్రరీలో కళ్లు పొయ్యేలా చదివిన ఏళ్లకి ఒక్క గంట కూడా లెక్క వెయ్యరు. ఈ బొమ్మల ముందు గురక పెట్టినా గంట గంటే. నిజంగానే ఒక మధ్యాహ్నం నిద్రపోయి లేచి చూస్తే, "అభినందనలు, మీరు సానుభూతి పూర్తిచేశారు" అని ఉంది.

రాత పరీక్ష ఒకసారి తప్పాను. క్లయింటు ఇంటినుంచి తిండి వండి తెస్తే ఏం చేస్తారని ప్రశ్న. తింటాను కాబట్టి తింటాననే జవాబు పెట్టాను. రెండోసారి అబద్ధం పెట్టి పాసయ్యాను.

ఇక చివరిది, ఒక సూపర్‌వైజర్ కింద పని. న్యూజెర్సీలో ఐసెలిన్‌కి పది నిమిషాల దూరంలో, డెంటిస్టుకీ గోళ్లు దిద్దే కొట్టుకీ మధ్య ఇరుక్కున్న చిన్న క్లినిక్ అది. మనవాళ్లు వస్తారు గానీ కారు మా ముందు ఆపరు. డెంటిస్టు ముందు ఆపి, అటూ ఇటూ చూసి, గోడవారగా నడిచి మా తలుపు తోస్తారు. కొట్ల దగ్గర ఎవరైనా కనిపెట్టి అడిగితే పన్ను నొప్పి అంటారు. ఆ చుట్టుపక్కల తెలుగువాళ్లకి ఉన్నన్ని పంటి జబ్బులు ఇంకే జాతికీ లేవు. అదే మనుషులు శనివారం పార్టీల్లో బేస్‌మెంటులో అద్దాల బారు కట్టించి, సీసాల వయసు చెప్పుకుంటూ గర్వపడతారు. పక్కింటాయన వాంతి చేసుకుని కార్పెట్ మీద పడితే మాత్రం, పాపం బీపీ డౌన్ అయింది అంటారు. నేను ఆ పార్టీలకి వెళ్లడం మానేసి చాలా ఏళ్లయింది. నన్ను పిలవడం వాళ్లు అంతకు ముందే మానేశారు.

మా సూపర్‌వైజర్ నాకంటే పాతికేళ్లు చిన్నది, తెల్లావిడ. ఒకప్పుడు నొప్పి మాత్రలకి బానిసనని ఆవిడే మొదటిరోజు చెప్పింది. ఆ ఒక్క మాటకి ఆవిడ మీద గౌరవం కుదిరింది. పని గంటలన్నీ పూర్తయ్యాయి. ఒక కేసు ఆవిడ ముందు మొదటినుంచి చివరిదాకా వివరించాలి, ఆవిడ ఆఖరి మదింపు రాసి సంతకం పెట్టాలి, అంతే. ఆ కాగితం బోర్డుకి వెళితే లైసెన్సు. నాకు డెబ్భై ఒకటి. మధ్యాహ్నం కునుకు తీస్తే మెలకువ వస్తుందన్న నమ్మకం లేని వయసు. ఆ సంతకం మీద ఎంత ఆశ పెట్టుకున్నానో చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

ఆ కేసు సంగతి చెప్తాను.

నలభై దాటని సాఫ్ట్‌వేర్ ఇంజినీరు. తాగి కారు నడుపుతూ పోలీసులకి దొరికాడు. కోర్టు మా దగ్గరికి పంపింది. వీసా మీద ఉన్నవాడు, కాబట్టి భయం ముందు వచ్చింది, బుద్ధి తర్వాత వద్దామనుకుంది. ఇంటినుంచి పని. పొద్దున తొమ్మిదిన్నర మీటింగులో కెమెరా ముందు అతను తాగే కాఫీ కప్పులో కాఫీ ఉండదు. యాలకులు నమిలి గదిలోకి వస్తాడు. యాలకుల వాసన, దాని కింద పుల్లటి వాసన, దాని కింద చెమట. ఆ మూడూ కలిసిన వాసన నాకు నా ఒంటి వాసనంత తెలుసు. అతను ఎదురుగా కూర్చున్న ప్రతిసారీ కుర్చీ వెనక్కి జరుపుకునేవాణ్ణి. పుస్తకంలో దీనికి ఏదో పేరుంది. నేను అసహ్యం అంటాను.

భార్య కూడా ఉద్యోగస్తురాలే, రెండు మాస్టర్స్ డిగ్రీలు. నన్ను బాబాయ్ గారూ అని పిలిచేది. ఎనిమిదేళ్ల కూతురు. పిల్ల ఇక్కడే పుట్టింది. తెలుగు అర్థమవుతుంది, మాట్లాడితే మాత్రం మాటల చివర్లు తెగిపోయి వస్తాయి. నన్ను తాతగారు అనేది. ఆ పిలుపులన్నీ వద్దని చెప్పాలి నిజానికి. క్లయింటుతో చుట్టరికం కలుపుకోకూడదని పరీక్షలో ఉంది. నేను చెప్పలేదు. బాగుంది కాబట్టి చెప్పలేదు.

అక్టోబరు మొదట్లో ముగ్గురితో ఒక ఫ్యామిలీ సెషన్. పిల్ల బయట కుర్చీలో ఐప్యాడ్ చూసుకుంటోంది. లోపల భార్య ఏడుపు మొదలుపెట్టింది. టిష్యూ డబ్బా ఖాళీ అయిపోయినా ఏడుస్తూనే ఉంది. ఇతగాడు నేల చూపులు చూస్తూ, "ట్రై చేస్తున్నా కదా, ట్రై చేస్తున్నా కదా" అని అదే పాట. అలాంటప్పుడు ఏం చెయ్యాలో నేను వందల గంటలు నేర్చుకున్నాను. మౌనంగా ఉండాలి. వాళ్లనే మాట్లాడనివ్వాలి. తన మాటలు తనకే తిప్పి వినిపించాలి. అవన్నీ ఎక్కడికి పోయాయో. నా నోట్లోంచి వచ్చిన మాట ఇది:

"పాపని లోపలికి పిలువమ్మా."

పిల్ల వచ్చి నిలబడింది. ఐప్యాడ్ ఇంకా చేతిలోనే ఉంది.

"ఆ చెయ్యి ఇలా తే. పాప తల మీద పెట్టు. పెట్టి చెప్పు."

"అంకుల్, అది..."

"చెప్పవోయ్!"

పెట్టాడు. "నా బిడ్డ మీద ఒట్టు. ఇంక ముట్టుకోను." భార్య ఏడుపు టక్కున ఆగింది. గదిలో గాలి మారిపోయింది. నాకెంత హాయిగా అనిపించిందో! వందల గంటల బొమ్మలు చెయ్యలేని పని అరనిమిషంలో చేశాననుకున్నాను. పిల్ల ముగ్గురి మొహాలూ చూసి, "ఒట్టు అంటే ఏంటి?" అని అడిగింది. తల్లి, "కార్లో చెప్తాలే" అంది. కార్లో ఏం చెప్పిందో అప్పుడు నేను అడగలేదు.

మా సూపర్‌వైజర్‌కి ఈ సంగతి చెప్తే కుర్చీలోంచి లేచినంత పనిచేసింది. మీ సంస్కృతిలోంచి వచ్చిన వైద్యం ఇది, పుస్తకాల్లో వెతుక్కునేది ఇదే, నీ ఆఖరి కేసు ఇదే అవ్వాలి అంది. సోమవారం స్టాఫ్ మీటింగులో అందరికీ చూపించమంది. తనే ఒక కుర్ర ట్రెయినీ తల మీద వేళ్లు ఆనించి, "ఇలాగేనా?" అని అడిగింది. నేను లేచి వెళ్లి ఆవిడ చెయ్యి సరిచేశాను. వేళ్లు కాదు, అరచెయ్యి మాడుకి ఆనాలి అన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లకి నేను వంగి దణ్ణం కూడా పెట్టాను.

తర్వాత వారాల్లో ఇంజినీరు బుద్ధిమంతుడైపోయాడు. "ఎలా ఉంది?" అంటే "క్లీన్ అంకుల్" అనేవాడు. ఇంకో ప్రశ్న వేస్తే నవ్వేవాడు. ఆ నవ్వు చూసి నాకు అనుమానం రాలేదంటే అది అబద్ధం. వచ్చింది. పక్కకి తోశాను. సంతకం దగ్గర పడుతోంది, కేసు అందంగా ఉంది, దాన్ని కెలకడం ఎందుకు?

కేసు వివరించాల్సింది ఒక శుక్రవారం. దానికి ముందు మంగళవారం భార్య ఫోన్ చేసింది.

"బాబాయ్ గారూ, కొంప మునిగింది. స్కూల్ నర్స్ కాల్ చేసింది. పాపకి హండ్రెడ్ అండ్ టూ ఫీవర్. అది నర్స్‌తో ఏమందో తెలుసా? మై డాడ్ డ్రాంక్, సో ఐ యామ్ డయింగ్ అందట."

"తాగాడా?"

"తాగాడు. లాండ్రీ రూమ్‌లో డిటర్జెంట్ డబ్బాల వెనక పెట్టుకుని తాగుతున్నాడు. నేను ఇప్పుడు చూశాను. పాప ఎప్పుడో కనిపెట్టిందండీ. రోజూ స్కూల్ నుంచి వచ్చి వాళ్ల నాన్న కప్పు వాసన చూస్తోందట. నాకు ఒక్క ముక్క చెప్పలేదు."

"ఎందుకు చెప్పలేదట?"

"చెప్తే నిజమైపోతుందట."

"ఆ రోజు కార్లో ఏం చెప్పావమ్మా పిల్లకి?"

"ఏం చెప్తాను? నాన్న మళ్లీ తాగితే నీకేదన్నా అవుతుంది, నువ్వంటే నాన్నకి ప్రాణం కదా, అందుకని ఇంక తాగడు, హ్యాపీగా ఉండు అని చెప్పాను. తప్పా?"

"డాక్టరుకి చూపించావా?"

"చూపించా. స్ట్రెప్ థ్రోట్ అన్నాడు. యాంటీబయాటిక్ ఇచ్చాడు. క్లాసులో సగం మందికి ఉందట." గొంతు తగ్గించింది. "అయినా బాబాయ్ గారూ, ఒట్టు తప్పితే ఏదో ఒకటి తగులుతుంది కదా? పెద్దవారు మీరు. పరిహారం ఏమైనా ఉందా? టెంపుల్‌లో అడగనా?"

"ఏ పరిహారమూ లేదు. స్ట్రెప్ థ్రోట్‌కి పరిహారం ఆ మందే."

"పోనీ, ఈసారి దేవుడి ముందు పెట్టిద్దామా? అప్పుడైతే భయపడతాడు."

ఫోన్ చెవి దగ్గర్నుంచి తీసి దాన్నే చూస్తూ కూర్చున్నాను. రెండు మాస్టర్స్ డిగ్రీలు! పెద్ద ఇన్సూరెన్సు కంపెనీ లెక్కలన్నీ ఈవిడ రాసిన ప్రోగ్రాముల మీద నడుస్తాయి. గొంతులో బాక్టీరియాకీ లాండ్రీ రూములో సీసాకీ ముడిపెట్టి, ఇంకో ఒట్టుకి ముహూర్తం అడుగుతోంది. ఛీ అనిపించింది. ఆ ఛీ ఆవిడ దగ్గర ఎంతోసేపు ఆగలేదు. తిరిగి నా దగ్గరికే వచ్చింది. ఆవిడ తెలియక నమ్మింది. నాకు తెలుసు.

నాకు తెలుసని ఎందుకంటున్నానంటే, నా ముప్ఫై ఒకటో ఏట జెర్సీ సిటీలో, ఒంటి గది ఇంట్లో, నా భార్య నా చెయ్యి పట్టుకుని మా అబ్బాయి తల మీద పెట్టించింది. వాడికి ఏడేళ్లు. తలకి కొబ్బరినూనె రాసి ఉంది. ఒట్టు పెట్టాను. పనికి వెళ్లాను. పని దిగి, ఆ నూనె వాసన పోని చేత్తోనే సీసా మూత తిప్పాను. తర్వాత ఏమవుతుందో ఎవరూ చెప్పరు. తప్పిన ఒట్టు తప్పినట్టే ఉంటుంది, దాన్ని మళ్లీ తప్పడం కుదరదు. పిల్లవాడికి దగ్గు వచ్చినా, మెట్ల మీద పడి మోకాలు చెక్కుకున్నా, నేనే చేశానని ఇంకో రెండు గుక్కలు. వాడి మొహం చూడలేక ఇంకో రెండు. ఒక్కరోజైనా, "నిన్న తాగాను" అని నా భార్యతో అనగలిగితే ఆ ఇరవై మూడేళ్లు కొంత తగ్గేవేమో. ఎలా అంటాను? అంటే, కన్నకొడుకుని చంపడానికి తెగించానని చెప్పినట్టే కదా. ఒట్టు తాగుడిని ఆపదు. తాగానని చెప్పడాన్ని ఆపుతుంది. ఇదంతా ఒంటి మీద అనుభవించినవాణ్ణి. చర్చి బేస్‌మెంటులో, తాగుడు మానాలనుకునేవాళ్ల మీటింగులో, ఒక బస్సు డ్రైవరు, "నిన్న తాగాను" అని అందరి ముందూ మామూలుగా చెప్పి కాఫీ కలుపుకుంటుంటే, అది చూసి మానినవాణ్ణి. అలాంటివాణ్ణి, ఒక ఆడమనిషి ఏడుస్తుంటే చూడలేక, అదే విషం తీసి ఇంకో పిల్ల నెత్తిన రాశాను. చప్పట్లు కూడా కొట్టించుకున్నాను.

గురువారం ముగ్గురూ వచ్చారు. పిల్లకి జ్వరం తగ్గింది. మొహం మాత్రం జ్వరం మొహమే. నేను బయట కూర్చోమంటే కూర్చోలేదు. నా గురించే కదా, నేనుంటా అంది ఇంగ్లీషులో. న్యాయమే.

"ఎప్పట్నుంచి?" అని తండ్రిని అడిగాను.

"లాస్ట్ వీక్ అంకుల్. ఒక్కసారే. వర్క్ ప్రెషర్ వల్ల..."

"నో," అంది పిల్ల. "హాలోవీన్ నుంచి. ఐ స్మెల్డ్ ఇట్."

హాలోవీన్ అంటే అక్టోబరు ఆఖరు. అతను రెండు చేతుల్తో మొహం కప్పుకున్నాడు. పిల్ల అతన్ని చూడలేదు. నా వైపు తిరిగింది.

"తాతగారు, నేను డై అవుతానా?"

"అవ్వవు."

"హౌ డు యు నో?"

ఈ ప్రశ్నకి పుస్తకాల్లో జవాబు లేదు. ఉన్నా ఆ పిల్ల నమ్మేది కాదు. పెద్దవాళ్లు ఊరికే అనే మాటల్ని అది అప్పటికే వాసన చూసి తెలుసుకుంటోంది. సొంత కథలు క్లయింట్లకి చెప్పకూడదన్న నియమం గుర్తుంది. గుర్తుండే చెప్పాను.

"నాకొక అబ్బాయి ఉన్నాడు. వాడు నీ అంత ఉన్నప్పుడు, వాడి తల మీద చెయ్యి పెట్టి నేనూ ఇలాగే ఒట్టు పెట్టాను. ఆ రోజే తాగాను. తర్వాత చాలా ఏళ్లు తాగాను."

"హి డైడ్?"

"లేదమ్మా. అరిజోనాలో ఉన్నాడు. చిప్పులు చేసే ఫ్యాక్టరీలో పని. ఇంత పొట్ట, బట్టతల."

"బట్టతల అంటే?"

"బాల్డ్," అంది తల్లి.

పిల్ల నా తల వైపు చూసింది. "ఒట్టు వల్ల బాల్డ్ అయ్యాడా?"

తండ్రి చేతుల వెనకనుంచి ఏదో శబ్దం వచ్చింది, నవ్వో ఏడుపో. నాకూ నవ్వొచ్చింది. పిల్ల మాత్రం నవ్వలేదు. దానికి ఇది పరీక్ష, ప్రతి జవాబూ సరిచూసుకుంటోంది.

"కాల్ హిమ్," అంది.

చేశాను. స్పీకర్లో పెట్టాను. అరిజోనాలో వాడుండే చాండ్లర్‌లో అది పని వేళ.

"ఏంటి నాన్నా, ఫ్యాక్టరీ ఫ్లోర్ మీద ఉన్నా. అంతా ఓకేనా?"

నేను నోరు తెరవకముందే పిల్ల ఫోను మీదకి వంగింది. "ఆర్ యు అలైవ్?"

"హలో? యా, ఐ యామ్ అలైవ్. హూ ఈజ్ దిస్?"

"యువర్ డాడ్ పుట్ ఒట్టు ఆన్ యువర్ హెడ్. అండ్ దెన్ హి డ్రాంక్."

అటునుంచి యంత్రాల రొద వినిపించింది. వాడికి ఆ సంగతి గుర్తుండదనే నేను నలభై ఏళ్లుగా అనుకుంటున్నాను. ఏడేళ్ల పిల్లవాడు, ఏం గుర్తుంటుంది అని. తాగుబోతులందరూ ఇలాగే అనుకుంటారు. ఎదురుగా కూర్చున్నవాడు కూడా అలా అనుకునే లాండ్రీ రూములోకి వెళ్లాడు.

"తెలుసు," అన్నాడు మా అబ్బాయి. ఎవరో ఏమిటో అడగలేదు. వాడు ఇంగ్లీషులో చెప్పిన మాటలివి: "నాకూ భయం వేసేది. రోజూ పొద్దున లేచి గుండె కొట్టుకుంటోందా లేదా అని చెయ్యి పెట్టి చూసుకునేవాణ్ణి. హైస్కూలు దాకా చూసుకున్నాను. ఏమీ అవ్వలేదు. అవ్వదు. నీ కోసం నేను ముందే చెక్ చేశా."

"ఎవ్రీ డే?"

"ఎవ్రీ డే."

"ఓకే," అంది పిల్ల. వెనక్కి జరిగి కుర్చీలో కూర్చుంది. చాలా రోజుల తర్వాత కూర్చున్నట్టు కూర్చుంది.

"నాన్నా, మళ్లీ చేస్తా," అని వాడు పెట్టేశాడు. వాడు ఫోన్ చేసినప్పుడు మేం ఏం మాట్లాడుకున్నామో ఇక్కడ రాయను. అది మా ఇద్దరిదీ.

శుక్రవారం మా సూపర్‌వైజర్ గదిలోకి వెళ్లేసరికి బల్ల మీద మదింపు కాగితం సిద్ధంగా ఉంది. కలం మూత తీసి ఉంది. గోడ మీద తెరలో నా కేసు మొదటి స్లైడు. ఆవిడే చేయించింది. పెద్ద చెయ్యి, చిన్న తల, చుట్టూ బంగారు కాంతి. దేవుడి క్యాలెండర్లా ఉంది.

"దాన్ని ఆపెయ్యండి," అన్నాను. నిలబడే అంతా చెప్పాను. ఒట్టంటే వాళ్లనుకునే వాగ్దానం కాదని, పూచీగా పెట్టేది ప్రాణమని, అదీ ఇంకొకరి ప్రాణమని. పిల్ల కప్పులు వాసన చూసిన సంగతి, నర్సుతో అన్న మాట, నేను నా కథ చెప్పింది, గదిలోంచే కొడుక్కి ఫోన్ చేసింది, ఏదీ దాచలేదు.

ఆవిడ మొహం మెల్లగా పాలిపోయింది. "ఇది హాని చేస్తుందని నీకు తెలుసా?"

"తెలుసు. నా ఇంట్లోనే జరిగింది."

"మరి ఎందుకు చేశావు?"

"ఆవిడ ఏడుపు ఆగాలనిపించింది. అతను మానడం కంటే కూడా, ఆ ఏడుపు ఆగాలి. నేనేదో చేశాననిపించాలి."

ఆవిడ కలానికి మూత పెట్టింది. కాగితాన్ని రెండుగా మడిచి సొరుగులో వేసింది. సంతకం ఇప్పుడు పెట్టనని, ఇంకో ఆరు నెలలు తన కళ్ల ముందు పనిచెయ్యాలని, తను లేకుండా ఫ్యామిలీ సెషన్ పెట్టకూడదని చెప్పింది. పిల్లని చూడటానికి పిల్లల కౌన్సెలర్‌కి ఆ పూటే ఫోన్ చేసింది.

నాకు ఒళ్లు మండింది. నిజం చెప్పినందుకా ఈ శిక్ష అనిపించింది. నోరు మూసుకుంటే ఈపాటికి కాగితం తపాలాలో ఉండేది. "ఆరు నెలలకి నేను ఉంటానో లేదో," అన్నాను.

"ఉండటానికి ప్రయత్నించు," అంది. తర్వాత, నేను తలుపు దాకా వెళ్లాక, "చప్పట్లు మొదలుపెట్టింది నేను. నా ఫైల్లో అది నేను రాసుకోవాలి," అంది. తాగి మానినవాళ్లలోనూ, మాత్రలు మింగి మానినవాళ్లలోనూ నేను భరించగలిగే సుగుణం ఇదొక్కటే. మిగతా లోకంలో ఇది మరీ అరుదు.

తర్వాతి గురువారం ఇంజినీరు ఒక్కడే వచ్చాడు. బయట మంచు. బూట్లు విదిలించకుండా లోపలికి వచ్చి కూర్చున్నాడు. మూల కుర్చీలో సూపర్‌వైజర్, మాకు తెలుగు తెలిసిన ఇంకెవరూ లేరు కాబట్టి నేను ముక్కముక్కకీ ఇంగ్లీషు చెప్తూ. యాలకులు లేవు. ఈసారి పుల్లటి వాసన నేరుగా వచ్చి మొహాన కొట్టింది. కిటికీ తెరిచాను.

"నిన్న తాగాను అంకుల్," అన్నాడు.

"ఎంత?"

"మూడు పెగ్గులు. కాదు, నాలుగు."

"ఎవరికైనా చెప్పావా?"

"పాపకి చెప్పాను. పొద్దున్నే, స్కూల్‌కి వెళ్లే ముందు. తనే ముందు తెలుసుకోవాలనిపించింది."

నా చేతిలో కలం ఆగింది. "ఏమంది? భయపడిందా?"

"లేదు. ముక్కు మూసుకుని 'యక్, డాడీ' అంది. వెళ్లి పళ్లు తోముకోమంది. బస్ వచ్చేస్తోందని వెళ్లిపోయింది."

మూల కుర్చీలోంచి సూపర్‌వైజర్ ఏమన్నాడని అడిగింది. పిల్లకి అసహ్యం వేసిందట అని చెప్పి, అతని వైపు తిరిగి, మొదటి పెగ్గు ఎన్ని గంటలకి పోసుకున్నావో అక్కణ్ణుంచి చెప్పమన్నాను.